గూడబాతు ఫ్రేములో ఎంత పడుతుంది?

అడవి జీవుల చిత్రీకరణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టే కాలం దగ్గరపడుతుంటే లెన్సుల గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన వాటిలో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పెళ్ళి వీడియోలు తీస్తుంటాను. సోనీ ఎఫ్ఎక్స్30 కెమెరా, 70-200 లెన్స్ ఉన్నాయి. నేలపట్టు పక్షుల మీద అరగంట డాక్యుమెంటరీ తీయాలని ఉంది. 200-600 జూమ్ చాలంటారు కొందరు. అప్పు చేసైనా 600 ఎఫ్/4 కొంటే జీవితాంతం పనికొస్తుందంటారు ఇంకొందరు. ఏది కొనమంటారు?
— ఒక వీడియోగ్రాఫర్, పొదలకూరు

జవాబు: కొట్టుకు వెళ్ళే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. సెన్సార్ వెడల్పును దూరంతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఆ దూరంలో ఎన్ని మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుందో తెలుస్తుంది. మీ కెమెరా సెన్సార్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. 200 మి.మీ. దగ్గర పెట్టి 100 మీటర్ల దూరం చూస్తే ఫ్రేములో పదకొండున్నర మీటర్లు పడతాయి. గూడబాతు ముక్కు కొస నుంచి తోక దాకా దాదాపు 1.4 మీటర్లు. అంటే తెరలో ఎనిమిదో వంతు. అదే 600 దగ్గర ఫ్రేము వెడల్పు 3.8 మీటర్లకు తగ్గుతుంది, పక్షి మూడో వంతు దాటుతుంది. ఇంకో 40 మీటర్లు దగ్గరికి వెళ్ళగలిగితే ఫ్రేము 2.3 మీటర్లు, పక్షి సగానికి పైనే. తల్లి నోట్లో పిల్ల ముక్కు పెట్టి చేప లాక్కునే షాట్ అప్పుడే వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్ళు 23 బదులు 36 వేసుకోవాలి. అదే 600 లెన్స్‌తో 100 మీటర్ల దగ్గర వాళ్ళకు 6 మీటర్లు పడుతుంది.

ఇప్పుడు అదే పక్షి రెక్క విప్పితే రెండు మీటర్లు దాటుతుంది. 3.8 మీటర్ల ఫ్రేములో దాన్ని పట్టుకుని తిప్పడం చేయి తిరిగినవాళ్ళకే కష్టం, రెక్క కొసలు తెగిపోతుంటాయి. ఎగిరే షాట్లకు 300, 400 మధ్య ఉండాలి. గూటి షాట్లకు 600 కావాలి. అందుకే మీ పనికి జూమే సరైనది. సోనీ 200-600 బరువు, కాలర్ (లెన్స్‌ను ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) పాదం కాకుండా, 2,115 గ్రాములు. జూమ్ చేసినా గొట్టం బయటికి సాగదు కాబట్టి ట్రైపాడ్ మీద తూకం చెదరదు. వీడియోకి ఇది పెద్ద సుగుణం. సిగ్మా 150-600 స్పోర్ట్స్ కూడా మంచి లెన్సే కానీ గొట్టం ముందుకు సాగుతుంది, సాగినప్పుడల్లా ముందు బరువు పెరిగి హెడ్ (ట్రైపాడ్ తల) వంగుతుంది. మోసుకుని నడవడం ఎక్కువైతే 1,725 గ్రాముల టామ్రాన్ 150-500 చూడండి. 100 మి.మీ. పోతుంది, భుజం మిగులుతుంది.

600 ఎఫ్/4 గొప్పదనం వెలుతురులో ఉంది. జూమ్ ఎఫ్/6.3 కన్నా ఒకటీ మూడో వంతు స్టాప్ ఎక్కువ (ఒక స్టాప్ అంటే రెట్టింపు వెలుతురు). తెల్లవారుజామున జూమ్‌తో ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట దానితో 2500 సరిపోతుంది. ఐఎస్ఓ పెరిగేకొద్దీ బొమ్మలో మచ్చలు పెరుగుతాయి. మీ కెమెరాలో ఎస్-లాగ్ (ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకునేలా చప్పగా తీసే పద్ధతి) రెండో బేస్, అంటే మచ్చలు తక్కువగా ఉండే రెండో ఐఎస్ఓ, సరిగ్గా 2500, కనుక తేడా కంటికి కనబడుతుంది. అయినా అప్పు చేయొద్దు. ఆ లెన్స్ కొని పెళ్ళి ట్రైపాడ్ మీద పెడితే వచ్చే చిత్రం, మంచి ఫ్లూయిడ్ హెడ్ (వీడియో కోసం మెత్తగా తిరిగే హెడ్) మీద పెట్టిన జూమ్ చిత్రం కన్నా నాసిగా ఉంటుంది. అంతగా కావాలంటే చెన్నైలో మూడు రోజులకు అద్దెకు తెచ్చుకుని ఆ తెల్లవారుజాము షాట్లన్నీ ఒకేసారి తీసుకోండి.

70-200 అమ్మకండి. గూళ్ళతో నిండిన చెట్టు, దాని కింద నీళ్ళు, వెనక పొలాలు లేకుండా అరగంట సినిమా నిలబడదు. కార్డుల విషయం కూడా ఇప్పుడే చూసుకోండి. 200 మెగాబిట్లలో తీస్తే గంటకు 90 జీబీ. ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునూ విడిగా పూర్తిగా దాచే పద్ధతి) 4కే 50 ఫ్రేములైతే 500 మెగాబిట్లు, గంటకు 225 జీబీ. 500 మెగాబిట్లంటే సెకనుకు 62.5 మెగాబైట్లు. వి60 కార్డు హామీ 60 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి వి90 కావాలి. పక్షి గూట్లో కూర్చుని ఉన్నప్పుడు మొదటి రకం చాలు.

ప్రశ్న: నా దగ్గర 200-600 ఉంది. దానికి 2ఎక్స్ టెలీకన్వర్టర్ తగిలిస్తే 1200 అవుతుంది కదా, కొనవచ్చా?
— ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: వద్దు. 2ఎక్స్ రెండు స్టాప్‌ల వెలుతురు తినేస్తుంది. 600 దగ్గర ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/13 అవుతుంది, ఆటోఫోకస్ తడబడుతుంది, వేడి గాలి ఊపు రెట్టింపై కనిపిస్తుంది. 1.4ఎక్స్ అయితే 840 ఎఫ్/9. శీతాకాలం పొద్దున చుట్టూ వెలుతురు బాగున్నప్పుడు, 50 మీటర్ల లోపు చిన్న పిట్టలకు మాత్రం ఉపయోగపడుతుంది. సినిమా చివరికి హెచ్‌డీలోనే చూపించేదైతే 4కేలో తీసి ఎడిటింగ్‌లో మధ్య భాగం కత్తిరించుకోండి. సరిగ్గా రెట్టింపు దగ్గరవుతుంది, ఒక్క స్టాప్ కూడా పోదు.

ప్రశ్న: కావలి దగ్గర ఉప్పు మడుల్లో పదింటికి పక్షుల్ని తీశాను. ఫోకస్ సరిగ్గానే పెట్టాను కానీ ఇంటికొచ్చి చూస్తే అన్నీ నీళ్ళలో ఊగుతున్నట్టు ఉన్నాయి. లెన్స్ సర్వీసుకి పంపాలా?
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: లెన్స్‌లో లోపం లేదు. వేసవిలో తారు రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు కనిపించే ఎండమావులున్నాయే, మీ వీడియోలో ఊగుతున్నదీ ఆ గాలే. ఎండకు మడి గట్లు, ఇసుక, ఎండిన బురద వేడెక్కుతాయి. వాటిని ఆనుకున్న గాలి వేడెక్కి పలచబడి పైకి లేస్తుంది, పైనున్న చల్లగాలి కిందికి దిగుతుంది. పలచన గాలిలో ఒక వంకగా, చిక్కటి గాలిలో మరో వంకగా వెలుతురు వంగుతుంది. 600 మి.మీ. లెన్స్ పక్షిని పెద్దది చేసినట్టే ఈ వంకరల్నీ పెద్దవి చేస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్‌కైనా ఇది తప్పదు.

అనుమానం తీరాలంటే ట్రైపాడ్ మీద ఒకే పక్షిని వరసగా ముప్పై ఫొటోలు తీసి పెద్దవి చేసి చూడండి. ఫోకస్ తప్పయితే ముప్పై ఒకేలా మసకగా ఉంటాయి. గాలి తప్పయితే రెండు మూడు పదునుగా, మిగతావి తలో తీరుగా ఉంటాయి, గట్టు అంచు ఒక్కో ఫొటోలో ఒక్కో వంకర తిరుగుతుంది.

దీనికి మందు దూరం తగ్గించడం, పొద్దున్నే వెళ్ళడం. ఎండ ఉన్న రోజున తెల్లవారినప్పటి నుంచి ఎనిమిది దాకా చేసుకున్న పనే పని. ఆ తర్వాత 100 మీటర్ల షాట్లు మానేసి 30 మీటర్ల లోపు వాటికే పరిమితం కండి. మబ్బు పట్టిన రోజు, వాన వెలిసిన పూట రోజంతా తీయవచ్చు. చూపు దేని మీదుగా వెళ్తోందో గమనించండి. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి, పొద్దెక్కాక ఎండిన బురద మీదుగా కన్నా నిండు మడి మీదుగా తీస్తే నయం. నేలకు కరుచుకుని తీస్తే చిత్రం అందంగా ఉంటుంది గానీ ఊపు అక్కడే ఎక్కువ. గట్టు మీద మనిషెత్తున కెమెరా పెడితే చాలావరకు తగ్గుతుంది. శీతాకాలంలో ఒక తిరకాసుంది. తెల్లవారుజామున నీళ్ళు గాలికన్నా వెచ్చగా ఉంటాయి, అప్పుడు నీటి మీదే ఆవిరి ఆడుతుంది. కాసేపు ఆగాలి.

కారులోంచి తీసేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ఏసీ వేసి కిటికీ దింపితే లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి సరిగ్గా లెన్స్ ముందే కలుస్తాయి. వచ్చిన చోట ఇంజన్, ఏసీ రెండూ ఆపి, కిటికీలన్నీ దింపి పావుగంట ఆగండి. బానెట్ మీదుగా ఎప్పుడూ తీయకండి. కిటికీ అంచు మీద ఆనించడానికి కొన్న సంచి అక్కర్లేదు. పాత జీన్స్ కాలు కత్తిరించి రెండు వైపులా కుట్టి మూడున్నర, నాలుగు కిలోల వడ్లు పోయండి. సంచి మూడు వంతులే నిండాలి, అప్పుడే లెన్స్ గొట్టం అందులో కుదురుకుంటుంది. బియ్యం కన్నా వడ్లు మేలు, గింజ గింజకూ పట్టు ఉంటుంది. తడిస్తే మాత్రం ఆ రోజే ఒంపేసి ఎండబెట్టాలి, లేదంటే బూజు లెన్స్‌కి అంటుకుంటుంది.

ప్రశ్న: 600 దగ్గర పాన్ చేస్తే (కెమెరాను పక్కకు తిప్పితే) మొదట్లో ఒక కుదుపు, ఆపాక బొమ్మ వెనక్కి లాగినట్టు ఉంటోంది. ఫొటోలకు వాడే బాల్ హెడ్ ఉంది. గింబల్ హెడ్ కొంటే పోతుందా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పోదు. లెన్స్‌ను ఉయ్యాలలా వేలాడదీసే ఆ గింబల్ హెడ్ ఫొటోలకు చక్కనిది. ఎటు తిప్పినా తేలిగ్గా తిరుగుతుంది, ఆ తేలికే వీడియోకి శత్రువు. మీ చేతి వణుకుని అడ్డుకునేది అందులో ఏమీ ఉండదు. ఫ్లూయిడ్ హెడ్‌లో చిక్కటి గ్రీజు పొరలుంటాయి. ఎంత వేగంగా తోస్తే అంత ఎదురు తిరుగుతాయి, అందుకే కదలిక నూనె పోసినట్టు సాగుతుంది. మీకు కావలసింది 75 మి.మీ. గిన్నె (హెడ్ కూర్చునే, మట్టం సరిచేసుకునే గుంట) ఉన్న కాళ్ళు, 6 నుంచి 8 కిలోలు మోసే ఫ్లూయిడ్ హెడ్.

మోసే బరువు ఒక్కటే చూసి కొనకండి. వంచిన కెమెరా వాలిపోకుండా నిలిపే కౌంటర్ బ్యాలెన్స్ స్ప్రింగ్ ఎంత బరువుకు సరిపోతుందో చూడండి. కెమెరా, లెన్స్, కాలర్, హుడ్, మైకు కలిపి, మీది 200-600 అయితే, సుమారు మూడుంబావు కిలోలు ఉంటుంది. మాన్‌ఫ్రాటో 502 లాంటి హెడ్‌లో స్ప్రింగ్ 4 కిలోలకు స్థిరంగా బిగించి ఉంటుంది. దాని మీద మీ సరంజామా కిందికి వంచి వదిలితే తిరిగి లేస్తుంది. పెద్ద బ్యాటరీ ఏదైనా తగిలించి బరువు కలిపితే కుదురుకుంటుంది. స్ప్రింగ్ బలాన్ని మెట్టు మెట్టుగా మార్చుకునే హెడ్ దొరికితే అదే కొనండి, డబ్బు ఎక్కువైనా సరే. లెన్స్‌లో మిగుల్చుకున్నది ఇక్కడ పెట్టాలి.

తెచ్చాక ఇలా అమర్చుకోండి. ముందు గిన్నె వదులు చేసి నీటి బుడగ మధ్యకు తెచ్చి బిగించండి. లెన్స్ పాదానికి పొడవాటి ప్లేటు వేసి హెడ్ మీద పెట్టండి. స్ప్రింగ్‌ను సున్నాకు తెచ్చి, టిల్ట్ (పైకీ కిందికీ వంగే కీలు) వదులు చేసి, హుడ్ తొడిగి, ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీస్తారో అక్కడికి జూమ్ చేసి, ప్లేటును ముందుకూ వెనక్కూ జరపండి. చేయి తీసినా ముందుకో వెనక్కో వాలకుండా నిలిచిన చోట బిగించండి. ఇప్పుడు స్ప్రింగ్ పెంచుకుంటూ 20 డిగ్రీలు పైకి, 20 కిందికి వంచి వదలండి. వదిలిన చోటే ఆగితే తూకం కుదిరినట్టు. డ్రాగ్, అంటే కదలికకు ఎదురు తిరిగే బిగింపు, చివర్లో పెట్టాలి. చాలామంది తూకం చూడకుండా డ్రాగ్ బిగించి బొమ్మను ఆపుతారు, మీరు చెప్పిన కుదుపు పుట్టేది అక్కడే.

ఆపాక వెనక్కి లాగడానికి కారణం వేరు. ప్లేటుకీ లెన్స్ పాదానికీ మధ్య ఒకే మర ఉంటే పాన్ మొదలవగానే లెన్స్ ఆ మర చుట్టూ వెంట్రుకవాసి మెలిపడుతుంది, ఆపగానే విడుస్తుంది. 600 దగ్గర వెంట్రుకవాసి అంటే ఫ్రేములో బారెడు. పాదానికి రెండు రంధ్రాలుంటే రెండు మరలూ బిగించండి, లెన్స్ కాలర్ గట్టిగా తిప్పండి, ట్రైపాడ్ నడిమి స్తంభం ఎత్తకండి. దూరంగా కరెంటు స్తంభాన్ని పెట్టుకుని పాన్ చేసి ఆపి చూడండి. స్తంభం ఆగిన చోటే ఆగాలి. ఇంకా జరుగుతుంటే కాళ్ళ కీళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని తిప్పి చూస్తే వదులు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. పాన్ కర్రను చేత్తో కాకుండా దానికి చుట్టిన రబ్బరు బ్యాండుతో లాగితే మొదలు, ముగింపు మెత్తగా వస్తాయి.

చెరువు కట్టల నల్లమట్టిలో కాళ్ళు దిగబడుతుంటే జానెడు పలకలు మూడు ప్లైవుడ్‌తో కోయించి కాళ్ళ కింద వేయండి. సముద్రం గాలి ఉన్నచోట పొడవు హుడ్ తెరచాపలా పనిచేస్తుంది. ఎండ ఎదురుగా లేకపోతే తీసేయండి. ట్రైపాడ్ మీద తీసేటప్పుడు లెన్స్ స్టెబిలైజర్ ఆపేయాలి, లేకపోతే పాన్ మొదట్లో అది బొమ్మను పట్టి ఉంచి తర్వాత వదిలేస్తుంది, అది ఇంకో కుదుపు.

ప్రశ్న: తెల్ల కొంగలు ఎండలో సున్నం ముద్దల్లా వస్తున్నాయి. షట్టర్ 1/2000 పెడితే ఈకలు కనిపిస్తున్నాయి కానీ రెక్కలు టకటకా కొట్టుకున్నట్టు ఉంటోంది.
— ఒక పాఠకుడు, ఉలవపాడు

జవాబు: ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ముదురు గాజు) లేకపోవడమే కారణం. నడి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16కి షట్టర్ 1/100 సరిపోతుంది. మీరు లాగ్‌లో ఐఎస్ఓ 800, ఎఫ్/6.3తో, 50 ఫ్రేముల దగ్గర 1/100 ఉంచాలంటే సుమారు ఆరు స్టాప్‌లు ఆపాలి. అది ఎన్‌డీ64. పొద్దున పూటకు ఎన్‌డీ8 చాలు. ఈ రెండూ స్థిరమైనవే తీసుకోండి. తిప్పే వేరియబుల్ ఎన్‌డీలో రెండు పోలరైజర్ గాజులుంటాయి. చౌకరకం గాజు సమతలంగా ఉండదు, 35 మి.మీ. దగ్గర తెలియని లోపం 600 దగ్గర మసకగా బయటపడుతుంది. 200-600కి 95 మి.మీ. సైజు కావాలి, అది దొరకబుచ్చుకోవడం కాస్త కష్టమే. షట్టర్ 1/100కే కట్టుబడనక్కర్లేదు. చిన్న పక్షుల రెక్కలకు 1/200 దాకా బాగుంటుంది. లకుముకి నీళ్ళలోకి దూకే షాట్ 120 ఫ్రేములు, 1/250లో తీసి 25లో చూపిస్తే దాదాపు ఐదింతలు నెమ్మదిస్తుంది.

ఇంకో పొరపాటు జీబ్రా (అతిగా వెలిగిన చోట తెర మీద గీతలు చూపే సౌకర్యం) దగ్గర జరుగుతుంది. ఎస్-లాగ్3లో తెలుపు 94 శాతం దగ్గరే తెగిపోతుంది. జీబ్రా 100 దగ్గర పెట్టుకుంటే గీతలు ఎప్పటికీ రావు, అంతా బాగుందనుకుంటారు. 90కి దించి, కొంగ వీపు మీద గీతలు కనిపించీ కనిపించకుండా ఉండేలా ఎక్స్‌పోజర్ తగ్గించండి. వెనక చెట్లు చీకటిగా ఉన్నా పరవాలేదు, ఎడిటింగ్‌లో లేపవచ్చు. పోయిన ఈక తిరిగి రాదు.

ప్రశ్న: బడి పిల్లలకు పక్షుల్ని చూపించాలి. 3000 మి.మీ. అని చెప్పే నికాన్ పీ1000 చాలదా?
— ఒక ఉపాధ్యాయురాలు, కనిగిరి

జవాబు: మీ అవసరానికి బాగా చాలు. పక్షి పేరు గుర్తుపట్టడానికి, కాలి వలయం మీద అంకె చదవడానికి అంతకన్నా తేలికైన సాధనం దొరకదు. సెన్సార్ చిటికెన వేలి గోరంత, చివరి జూమ్‌లో ఎఫ్/8. కాబట్టి ఎండ బాగున్నప్పుడు, 3000 దాకా పోకుండా సగంలో వాడండి. డాక్యుమెంటరీ తీసేవాళ్ళకు మాత్రం ఇది సరిపడదు.

ప్రశ్న: మైపాడు దగ్గర ఉంటాం. పాత 150-600 ఒకటి అమ్మకానికి వచ్చింది. ఏం చూసి కొనాలి? సముద్రం పక్కన ఎలా దాచుకోవాలి?
— ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు ఉంటే ఉండనీయండి. సాలెగూడు పోగుల్లా అల్లుకుని ఉంటే అది ఫంగస్, వదిలేయండి. తర్వాత గోడకు దినపత్రిక అంటించి, ట్రైపాడ్ మీద 600 దగ్గర పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌తో తీయండి. నాలుగు మూలలూ ఒకేలా ఉండాలి. ఒక మూలే మసకగా ఉంటే లెన్స్ ఎప్పుడో కిందపడి లోపలి గాజు పక్కకు జరిగిందన్నమాట. కాలర్ బిగించి ఊపి చూడండి, మౌంటు మరల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

దాచడానికి రబ్బరు అంచు ఉన్న గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. మరీ ఎండబెడితే గ్రీజు గట్టిపడుతుంది. ఒడ్డున తీసి వచ్చిన రోజు మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో గొట్టం, మౌంటు అంచు తుడిచి, తర్వాత పొడి గుడ్డ. ఉప్పు పొడిగా ఉండగానే తుడిస్తే గాజు గీసుకుపోతుంది. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే లోపలి గాజు దాకా మంచు పడుతుంది. బయలుదేరే ముందు సంచి మూసే ఉంచి ముప్పావుగంట వరండాలో పెట్టండి.

ప్రశ్న: రాత్రి ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళను తీయాలి. ఏ లెన్స్, ఏ లైటు?
— ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: ముందు అనుమతి. ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. తీయాలనుకున్న తీరం ఏ అటవీ డివిజన్ కిందికి వస్తుందో ఆ డీఎఫ్‌ఓ కార్యాలయంలో అడిగి, వాళ్ళ సిబ్బంది వెంట ఉండగానే తీయండి. అభయారణ్యంలో సినిమా తీయడానికైతే అదే చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. నేలపట్టుకు సూళ్ళూరుపేట వన్యప్రాణి విభాగం డీఎఫ్‌ఓ కార్యాలయంలో అడగండి. షూటింగ్ తేదీకి చాలా ముందుగా, మనుషుల సంఖ్య, పరికరాల జాబితాతో సహా దరఖాస్తు ఇవ్వాలి. డ్రోన్ మాట ఎత్తకండి. పక్కనే షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉంది, పైగా గూళ్ళ మీదికి డ్రోన్ వస్తే తల్లి లేచిపోతుంది, ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

తాబేలుకి టెలీఫొటో పనికిరాదు. 35 లేదా 50 మి.మీ. ఎఫ్/1.4, లేదంటే 85 ఎఫ్/1.8. తెల్ల లైటు అసలు వద్దు. ఒడ్డెక్కే తల్లి లైటు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది, పిల్లలైతే సముద్రం వదిలేసి లైటు వైపు పాకుతాయి. మసక ఎర్ర లైటు, అదీ తల్లి గుడ్లు పెట్టడం మొదలయ్యాక, వెనక వైపు నుంచి. కెమెరా తెర వెలుతురు పూర్తిగా తగ్గించి, వెనక ఎర్ర టాలీ లైటు (రికార్డవుతోందని చూపే దీపం) మీద నల్ల టేపు అంటించండి. పిల్లలు ఇసుకలోంచి వచ్చే షాట్‌కు తూరుపు తెల్లబడే దాకా ఆగితే ఏ లైటూ లేకుండా 25 ఫ్రేములు, 1/50లో దొరుకుతుంది. కెమెరాను వాటి దారికి పక్కన, ఇసుక మీద పలక వేసి దాని మీద పెట్టండి, నీళ్ళకూ వాటికీ మధ్య కాదు.